సుడిగుండాన్ని గోడకి తగిలించవచ్చా?

ప్రింటు అనే మాట వినగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది చీర! షాపులో కుర్రాడు మడత విప్పి అలా పరుస్తాడు. దాని మీద పువ్వూ ఉండదు, మావిడిపిందే ఉండదు, నెమలీ ఉండదు. నీలం నేల మీద తెల్లటి చారలు ఒక మూల నుంచి ఇంకో మూలకి ఒంపులు తిరుగుతూ పోతుంటాయి, అంతే. "ఇది దేని బొమ్మండీ? దీని అర్థమేమిటి?" అని అడిగేవాళ్ళెవరైనా ఉంటారా? ఉండరు. "కట్టుకుంటే నీళ్ళు పారినట్టుంటుంది, తీసుకో వదినా" అంటాం. లేకపోతే "బాబోయ్, చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి, తీసెయ్యండి" అంటాం. రాజస్థాన్ వాళ్ళు అలాంటి చారల బట్టకి 'లెహరియా' అని పేరే పెట్టుకున్నారు. లెహర్ అంటే అల.

అవే చారలు కాగితం మీద అచ్చయి, అద్దం బిగించుకుని గోడ ఎక్కితే మాత్రం మన ధైర్యం జారిపోతుంది. "అమ్మో, అది మోడర్న్ ఆర్టు, మనకేం తెలుస్తుంది!" అని పక్కకి తప్పుకుంటాం.

ధనుర్మాసంలో తెల్లారేసరికి వాకిట్లో మెలికల ముగ్గు వేసే చెయ్యి మనది. చుక్కల చుట్టూ గీత తిరిగి తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది. అది దేని బొమ్మ? దేని బొమ్మా కాదు. అయినా ఒక్క మెలిక తప్పితే వీధిలో పోయే పక్కింటి పిన్నిగారు కూడా ఆగి చెప్పేస్తుంది. అంటే బొమ్మ లేని బొమ్మని చూడటం, అందులో బాగోగులు పట్టుకోవడం మనకి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే. పెద్దవాళ్ళు దానికి నైరూప్య చిత్రం అని పేరు పెట్టారు, అంతే తేడా!

ఈ వారం కర్టెన్లనీ కుషన్లనీ కాస్త పక్కన పెట్టి, గోడ మీద తగిలించే అలాంటి బొమ్మ ఒకదాని గురించి చెప్పుకుందాం. దానికి కారణం అమలాపురం నుంచి వచ్చిన ఒక ఉత్తరం.

ఒక బొమ్మ, ముగ్గురు మనుషులు

పేరు వెయ్యొద్దని కోరిన ఆ సోదరి వ్రాసింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాదులో చదువుకుంటున్న వాళ్ళమ్మాయి సెలవులకి వస్తూ ఒక బొమ్మ తెచ్చింది. పేరున్న చిత్రకారుడు వేసిన ప్రింటుకి నకలు. చట్రం కట్టించి ముందుగదిలో, టీవీ పైన తగిలించింది. నిండా నీలం గీతలు, గిర్రున తిరుగుతున్నట్టుంటాయి. మనిషీ లేడు, చెట్టూ లేదు. ఆవిడ భర్త చూసి "మన చిన్నాడు కూడా గీస్తాడు ఇలాంటి పిచ్చిగీతలు" అని నవ్వేశారు. అమ్మాయికి కోపం వచ్చింది.

అసలు గొడవ మర్నాడు వచ్చింది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడి, "ఇది సుడి. ఇంట్లో సుడిగుండం ఏవిటే? తీసెయ్యండి" అన్నారట. ఆవిడ పుట్టిల్లు కాట్రేనికోన వైపు సముద్రం ఒడ్డు ఊరు. 1996 నవంబరు తుఫానులో ఆవిడ తమ్ముడు రొయ్యపిల్లలు పట్టడానికి వెళ్ళి తిరిగి రాలేదు. మనిషే దొరకలేదు. అమ్మాయేమో "నాన్నమ్మకి అర్థం కాలేదు, ఇది కళ" అంటుంది. అత్తగారు ఆ గదిలో కూచోవడం మానేశారు. "మధ్యలో నేను నలిగిపోతున్నాను. అసలు ఆ బొమ్మకి అర్థమేమిటో చెప్పండి. ఉంచాలా, తియ్యాలా?" అని ప్రశ్న. కూడా ఆ బొమ్మ పేరూ, వేసినాయన పేరూ వ్రాశారు. కృష్ణారెడ్డి. బొమ్మ పేరు 'వర్ల్‌పూల్', అంటే సుడిగుండమే. 1963లో వేశారు.

అమ్మా, మీ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పెయ్యచ్చు. కానీ బొమ్మ గురించి నాలుగు మాటలు తెలిస్తే ఆ జవాబు మీ ఇంట్లో మీరే చెప్పుకోగలరు. ముందు ఆ పని చేద్దాం.

వేసింది మన తెలుగాయనే

ఎక్కడో ఫ్రాన్సులోనో అమెరికాలోనో పుట్టినాయన వేసిన బొమ్మ అనుకునేరు. కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు దగ్గర నందనూరు అనే పల్లెలో పుట్టారు. మన రాజమండ్రి గర్వంగా చెప్పుకునే దామెర్ల రామారావుగారు ఇరవై ఎనిమిదేళ్ళన్నా నిండకుండానే కన్ను మూసిన సంవత్సరం కూడా అదే. గోదావరి ఒడ్డున ఒకరు వెళ్ళిపోయిన ఏడు, చిత్తూరు సీమలో ఇంకొకరు వచ్చారన్నమాట.

మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడిలో చదువుకుని, ఆ తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం చేశారు. కొన్నాళ్ళు మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళ చెప్పారు. అక్కడి నుంచి లండను, ఆ పైన పారిస్. పారిస్‌లో అతెలియే 17 అని అచ్చుబొమ్మలు వేసేవాళ్ళ వర్క్‌షాపు ఒకటుండేది. హేటర్ అనే ఇంగ్లీషాయన 1927లో పెట్టారు. కృష్ణారెడ్డిగారు అక్కడ చేరి, పని నేర్చి, కొత్త పద్ధతి కనిపెట్టి, చివరికి ఆ వర్క్‌షాపుని నడిపించేవాళ్ళలో ఒకరయ్యారు. 1972లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1976లో న్యూయార్కు వెళ్ళి అక్కడే ఉండిపోయారు. 2018లో, తొంభైమూడేళ్ళ వయసులో పోయారు. అంతకి రెండేళ్ళ ముందే, 2016లో, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల ప్రింట్లతో ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టారు.

ఆయన బొమ్మల పేర్లు చూడండి. చేప, అల, నీళ్ళు చిమ్మడం, సుడిగుండం. మన రేవులో రోజూ కనబడేవే. అయితే ఆయన చేపని చేపలా, అలని అలలా గియ్యరు. అలని లేపుతున్నది ఏదో దాన్ని గీస్తారు. గాలి బొమ్మ వెయ్యమంటే ఏం వేస్తాం? గాలికి రూపం లేదు కదా! ఊగుతున్న కొబ్బరిమట్టని వేస్తాం. ఆయన ఆ మట్టని కూడా తీసేసి ఊపుని మాత్రం ఉంచారు. ఈ తరహా బొమ్మల కిటుకంతా అదే.

పూతరేకుల పిండీ, రంగుల చిక్కదనమూ

"పిచ్చిగీతలు, ఎవరైనా గీస్తారు" అన్న ఆ తండ్రిగారికి కూడా ఒక మాట చెప్పాలి. ఇది కుంచెతో గీసిన బొమ్మ కాదు. లోహపు రేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసినది.

ముందు జింకు రేకునో రాగి రేకునో తీసుకుంటారు. కొన్నిచోట్ల ఉలిలాంటి పనిముట్లతో గీరుతారు, కొన్నిచోట్ల యాసిడ్‌తో తినిపిస్తారు. దాంతో రేకు మీద ఒకచోట లోతు గాడి, ఒకచోట ఓ మాదిరి పల్లం, ఒకచోట మెట్ట, ఇలా తయారవుతుంది. వరద తీసిన తర్వాత లంక ఇసకలో నీళ్ళు వదిలిపెట్టిన గాళ్ళు చూశారు కదా, అచ్చం అలా! కృష్ణారెడ్డిగారు శిల్పం కూడా నేర్చుకున్న మనిషి. అందుకని రేకుని కూడా శిల్పంలాగే చెక్కేవారు.

ఇప్పుడు రంగులు అద్దాలి. మామూలుగా రంగుల అచ్చంటే ఒక్కో రంగుకి ఒక్కో రేకు కావాలి. ఈయనా, హేటరూ, కైకో మోతీ అనే ఇంకో భారతీయుడూ కలిసి పారిస్‌లో సాధించిన పద్ధతిలో ఒకే రేకు మీద, ఒకేసారి అన్ని రంగులూ పడతాయి. ఎలాగంటారా? చిక్కదనం వల్ల!

ఆత్రేయపురం పూతరేకులు తెలియనివాళ్ళం కాదుగా మనం. బోర్లించిన కుండని వేడి చేసి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని దాని మీద అలా పరిచి ఇలా తీస్తే, కుండ మీద పొర మిగులుతుంది. పిండి రవ్వంత చిక్కనైతే రేకు దళసరవుతుంది. రవ్వంత పలచనైతే చిరిగిపోతుంది. పని అంతా ఆ చిక్కదనం తెలిసిన చేతిదే. కొలత పుస్తకంలో దొరకదు.

ఈ రంగుల సంగతీ అంతే. ఒక రంగులో నూనె ఎక్కువ కలిపి జారుగా చేస్తారు, ఇంకోదాన్ని గట్టిగా ఉంచుతారు. మెత్తటి రోలరు రేకు పల్లాల్లోకి కూడా దిగి రంగు పెడుతుంది. గట్టి రోలరు మెట్టల్ని మాత్రం తాకి పోతుంది. జారు రంగు ముందు పడ్డచోట గట్టి రంగుని దొర్లిస్తే, అది అంటుకోకుండా తప్పుకుంటుంది. గట్టిదాని మీద జారుది పడితే పట్టుకుంటుంది. ఆఖర్న తడి కాగితం వేసి, చెరకు రసం బండిలో గడని పోనిచ్చినట్టు పెద్ద రోలర్ల మధ్య నొక్కి తీస్తే, పల్లానికో రంగు, మెట్టకో రంగు, మధ్యలో రెండూ ఒరుసుకున్నచోట ఇంకో రంగు వచ్చేస్తాయి.

గమనించారా? సుడిగుండం బొమ్మ వెయ్యడానికి ఆయన చేయించిన పని కూడా సుడిగుండం పనే. ఒకటి లాగడం, ఒకటి నెట్టడం, ఒకటి జారిపోవడం. కాబట్టి పిచ్చిగీతలు కావండీ. మీ చిన్నాడు గీస్తే చక్కగా దాచుకోండి, కానీ రెండూ ఒకటి కాదు.

బొమ్మ ముందు ఐదు నిమిషాలు

ఇక చూడటం ఎలాగో చెప్పుకుందాం. ఇది కృష్ణారెడ్డిగారి బొమ్మకే కాదు, బొమ్మ లేని ఏ బొమ్మకైనా పనికొస్తుంది. పొయ్యి మీద ఏమీ పెట్టకుండా ఓ ఐదు నిమిషాలు తీరిక చేసుకోండి.

మొదట, పేరు చదవకండి. పేరు చదివితే కన్ను మొద్దుబారుతుంది. "ఓహో సుడిగుండమా" అనుకుని వెళ్ళిపోతాం. పేరు లేకుండా చూస్తే కన్ను తనంతట తానే నడుస్తుంది.

రెండు, మీ కన్ను ఎక్కడ దిగింది, ఎటు పోయింది అన్నది గమనించండి. ఈ బొమ్మలో అంచు దగ్గర మొదలుపెట్టినా గీతలు మెల్లిగా లోపలికి తీసుకుపోతాయి. బయట ఎడంగా, లోపలికి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా. ఎడంగా ఉన్నచోట నడక నిదానం, దగ్గరైనచోట వేగం. గీతలకి కాళ్ళు లేకపోయినా పరుగు మీకు తెలుస్తుంది.

మూడు, రంగు చల్లగా ఉందా, వెచ్చగా ఉందా చూడండి. నీలం చల్లన, పసుపూ నారింజా వెచ్చన. చల్లటి రంగు మధ్యలో వెచ్చటిది కొంచెం మెరిస్తే నీళ్ళ మీద ఎండలా ఉంటుంది. లేదా లోపల ఏదో రగులుతున్నట్టుంటుంది. మీకెలా ఉంది?

నాలుగు, కళ్ళతోపాటు ఒంటికేమనిపించిందో చూసుకోండి. కడుపులో తిప్పినట్టుందా? ఉయ్యాల ఎక్కినట్టుందా? చెవిలో హోరు వినిపించిందా? అది తోచిందంటే బొమ్మ మీతో మాట్లాడటం మొదలుపెట్టిందన్నమాటే.

ఐదు, ఇప్పుడు పేరు చదవండి. మీకు తోచిందీ పేరూ కలిస్తే సరే. కలవకపోయినా ఫరవాలేదు. అయితే ఒక్క షరతు. మీకు తోచిన మాటకి బొమ్మలో ఆధారం వేలు పెట్టి చూపించగలగాలి. "నాకు ఇందులో భయం కనిపించింది, ఇదిగో ఇక్కడ గీతలన్నీ ఒక గుంటలోకి ఈడ్చుకుపోతున్నాయి" అంటే అది అర్థం చెప్పడం. ఆధారం లేకుండా "ఏదైనా అనుకోవచ్చు" అంటే అది చూడకుండా తప్పించుకోవడం. ఒకే బొమ్మకి రెండు అర్థాలుండొచ్చు, రెండిటికీ ఆధారం ఉంటే రెండూ నిజమే.

సుడి అంటే ఎన్ని!

మనకున్నంత చక్కటి మాట ఇంకెవరికి ఉంది చెప్పండి! నీళ్ళు గిర్రున తిరిగితే సుడి. గాలి తిరిగితే సుడిగాలి. పసివాడి నడినెత్తిన జుట్టు తిరిగితే అదీ సుడే. రెండు సుడులుంటే ఇద్దరు పెళ్ళాలని ఆడించేస్తాం. సంతలో ఎద్దుని కొనేవాళ్ళు ముందు చూసేది దాని ఒంటి మీద సుడులు. లాటరీ తగిలినవాణ్ణి చూసి "వాడికి సుడి ఉందిరా" అంటాం. ఒకే మాటలో గండమూ ఉంది, అదృష్టమూ ఉంది. మన పెద్దలు ఊరికే అలా వాడలేదు. తిప్పే శక్తి ఒకటే. అది ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆ పని చేస్తుంది.

కోనసీమ ఆడవాళ్ళకి ఇది పాఠం చెప్పక్కర్లేదు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. నీళ్ళ చేతుల్లో ఉన్న నేల మనది. పంటు మీద ఏరు దాటేటప్పుడు పడవాళ్ళు ఫలానాచోట సుడి ఉందని దూరంగా తిప్పుతారు. సుడి ఎందుకు పుడుతుంది? ఒడ్డువార నీరు మెల్లగా, నడిమి నీరు జోరుగా పోతుంటే, ఆ రెండూ ఒరుసుకున్నచోట నీరు తిరగడం మొదలెడుతుంది. వంతెన స్తంభం దగ్గరా, ఇసకమేట దగ్గరా, ఏరు మలుపులోనూ అందుకే సుళ్ళు ఎక్కువ. చారు గరిటెతో తిప్పి వదిలేస్తే గిన్నె మధ్యలో గుంట పడటం రోజూ చూసేదే. సింకులో నీళ్ళు పోయేటప్పుడు గొట్టం దగ్గర వేగంగా తిరగడం కూడా అదే. మధ్యకి చేరేకొద్దీ వేగం పెరుగుతుంది. కృష్ణారెడ్డిగారి గీతలు లోపలికి పోయేకొద్దీ దగ్గరవుతున్నాయని ఇందాక అనుకున్నామే, అదే ఇది.

దాన్నే వంద మైళ్ళ వెడల్పు చేస్తే తుఫాను. టీవీలో ఉపగ్రహం తీసిన తుఫాను బొమ్మ చూపిస్తారే, మన వైపు తుఫాన్లన్నీ గడియారం ముళ్ళకి ఎదురుగా తిరిగే తెల్లటి సుళ్ళు. 1996 నవంబరు 6 రాత్రి మనల్ని తాకింది అలాంటిదే. దాని కన్ను మీదుగా పోయినచోట గాలి ఒకవైపు నుంచి వచ్చి, కాసేపు ఆగి, "అమ్మయ్య" అనుకునేలోగా రెండోవైపు నుంచి విరుచుకుపడుతుంది. ఆ రాత్రి వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి లేచి చూస్తే కొబ్బరితోటలు తలలు తెగి నిలబడ్డాయి. అంతకు పదేళ్ళ ముందు, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్ఫైఅయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఒకటి. మొన్న 2022 జులైలో లంకలు మునిగిన వరద ఇంకొకటి. ఇవన్నీ మనకి పుస్తకాల్లో చదివినవి కావు.

ఇక అదే కొబ్బరిచెట్టుని మొవ్వు దగ్గర్నుంచి చూడండి. మట్టలు ఒకదాని మీద ఒకటి నిటారుగా రావు. మేడ చుట్టూ మెట్లు తిరిగినట్టు మాను చుట్టూ తిరుగుతూ వస్తాయి. కొన్ని చెట్లకి కుడి తిరుగుడు, కొన్నిటికి ఎడమ తిరుగుడు. ఈసారి పెరట్లోకి వెళ్ళినప్పుడు పరీక్షగా చూడండి, సరదాగా ఉంటుంది. అంటే చెట్టుని కూల్చిన గాలిలోనూ సుడే, చెట్టుని పెంచిన మొవ్వులోనూ సుడే!

ఆ బొమ్మలో ఇవి రెండూ ఉన్నాయి. ముంచేదని చూసేవాళ్ళు అంచు నుంచి లోపలికి చూస్తారు. పుట్టించేదని చూసేవాళ్ళు లోపల నుంచి అంచుకి చూస్తారు. ఒక గింజ పగిలి విచ్చుకుంటున్నట్టు కూడా కనిపిస్తుంది కావాలంటే. నా మాట నమ్మకండి, మీ కన్నుని ఒకసారి అటూ ఒకసారి ఇటూ నడిపి చూడండి.

అర్థం కావడం వేరు, నచ్చడం వేరు

ఇప్పుడు అమలాపురం సోదరి ఇంటికి వద్దాం. "నాన్నమ్మకి అర్థం కాలేదు" అంది మీ అమ్మాయి. అమ్మాయీ, కోప్పడకు! మీ ఇంట్లో ఆ బొమ్మ అందరికంటే బాగా అర్థమైంది మీ నాన్నమ్మకే. బొమ్మ కింద ఉన్న ఇంగ్లీషు పేరు ఆవిడ చదవలేదు. ఆ చిత్రకారుడెవరో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నీలం గీతలు మాత్రం చూసి, నిలబడి, "ఇది సుడి" అన్నారు. అరవై ఏళ్ళకి పైగా కిందట పారిస్‌లో కూచుని ఒకాయన రేకు మీద చెక్కిన మాట, కాట్రేనికోన ఆడపడుచుకి ఎవరి సాయమూ లేకుండా చేరింది. ఆ చిత్రకారుడికి ఇంతకంటే మెప్పు ఏముంటుంది?

ఆవిడకి బొమ్మ అర్థమైంది కాబట్టే నచ్చలేదు. ఈ రెండిటినీ మనం కలిపేస్తూంటాం. నచ్చకపోతే అర్థం కాలేదంటాం, అర్థమైతే నచ్చి తీరాలంటాం. అలా ఏం లేదు. తమ్ముణ్ణి మింగిన నీళ్ళని గోడ మీద చూస్తూ టీవీ సీరియల్ చూడమంటే ఎవరి తరం? "ఇది కళ నాన్నమ్మా" అనే మాట ఆ బాధ ముందు చాలా చిన్నది.

అందుకని నా సలహా. ఆ బొమ్మని ముందుగది నుంచి తీసెయ్యండి. అశుభమని కాదు. సుడిలో అశుభమే ఉంటే పసిపిల్లల నెత్తిన దేవుడు పెట్టడు కదా! ఇంట్లో పెద్దావిడ కూచునే చోటు ఆవిడకి ప్రశాంతంగా ఉండాలి కాబట్టి. బొమ్మని అమ్మాయి గదిలో తగిలించుకోనివ్వండి. అది ఆ పిల్ల తన డబ్బుతో, తన మనసుతో తెచ్చుకున్న వస్తువు. అటక మీదకి ఎక్కించేస్తే అదీ అన్యాయమే.

ఇంకొక మాట. అమ్మాయి పుట్టేనాటికే ఆ తుఫాను అయిపోయి ఉంటుంది. తిరిగి రాని ఆ తాతయ్య పేరు ఆ పిల్లకి తెలుసా? ఆయన ఎలా ఉండేవారు, ఏం తినేవారు, అక్కగారి మీద ఎలా వేళాకోళం ఆడేవారు, ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? మన ఇళ్ళల్లో పోయినవాళ్ళ గురించి, అందులోనూ శవం దొరకని వాళ్ళ గురించి, మాట్లాడం. మాట్లాడితే ఏడుపొస్తుందని అందరం ఊరుకుంటాం. ఊరుకున్నకొద్దీ ఆ మనిషి రెండోసారి పోతాడు. ఓ మధ్యాహ్నం పూట, బలవంతం చెయ్యకుండా, "నాన్నమ్మా, ఆ బొమ్మలో నీకేం కనిపించింది?" అని అమ్మాయిని అడగమనండి. చెప్పాలనిపిస్తే ఆవిడే చెప్తారు. చెప్పకపోతే ఊరుకోండి. అర్థం చెప్పేవాళ్ళకి మాత్రమే కాదు, వినేవాళ్ళకి కూడా ఓర్పు కావాలి.

గోడకి తగిలించే ముందు

ఏ ప్రింటు తగిలించినా మన కోనసీమ చెమ్మలో కొన్ని జాగ్రత్తలు తప్పవు.

* వాన నీరు దిగే గోడకీ, స్నానాలగది పక్క గోడకీ కాగితం బొమ్మ తగిలించకండి. బూజు మచ్చలు పడితే పోవు.

* బొమ్మ అద్దానికి ఆనుకోకూడదు. మధ్యలో దళసరి అట్ట మౌంటు పెట్టించండి. లేకపోతే చెమ్మకి కాగితం అద్దానికి అతుక్కుపోతుంది.

* చట్రం వెనక కింది మూలల్లో చిన్న బిరడా ముక్కలో రబ్బరు ముక్కలో అంటిస్తే గోడకీ చట్రానికీ మధ్య గాలి ఆడుతుంది.

* బొమ్మని మౌంటుకి సెల్లోటేపుతో అంటించనివ్వకండి. నాలుగేళ్ళకి పచ్చటి మరక తేలుతుంది.

* నేరుగా ఎండ పడేచోట పెడితే రంగులు వెలిసిపోతాయి. కిటికీకి ఎదురు గోడ కంటే పక్క గోడ మేలు.

* అద్దం తుడిచేటప్పుడు నీళ్ళు అద్దం మీద చల్లకండి. గుడ్డ మీద చల్లి తుడవండి. లేకపోతే నీరు చట్రంలోకి దిగుతుంది.

* బొమ్మ నడిమి భాగం నిలబడినప్పుడు కంటి ఎత్తున, అంటే నేల నుంచి సుమారు ఐదడుగుల్లో ఉండాలి. కూచుని చూసే గదిలో కొంచెం కిందకి దించవచ్చు.

* వానాకాలం వెళ్ళగానే ఒకసారి దించి వెనకవైపు చూడండి. కాగితం తినే పురుగులు చేరేది అక్కడే.

అసలు ప్రింటుకీ నకలుకీ తేడా తెలుసుకోవాలంటే భూతద్దం చాలు. నకలులో రంగంతా సన్నటి చుక్కలుగా కనిపిస్తుంది. రేకు మీద నుంచి తీసిన అసలు ప్రింటులో బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం వేలికి తగులుతుంది. మామూలుగా కింద పెన్సిలుతో సంతకమూ, పదిహేను బై డెబ్బై ఐదు లాంటి అంకె కూడా ఉంటాయి. అంటే డెబ్బై ఐదు కాపీల్లో అది పదిహేనోదని. అసలుది కొనలేకపోతే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. చూడటం నేర్చుకోవడానికి నకలు కూడా చక్కగా పనికొస్తుంది.

ఇవి కొనకపోయినా చూడటానికి డబ్బులక్కర్లేదు. రాజమండ్రి వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఓ అరగంట కేటాయించండి. అమలాపురంలో కోనసీమ చిత్రకళా పరిషత్తు వారు ప్రదర్శన పెట్టినప్పుడు పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. ఏదైనా బొమ్మ ముందు "మనకేం తెలుస్తుందిలే" అనిపిస్తే, వాకిట్లో ముగ్గుని ఒకసారి తల్చుకుని, ఐదు నిమిషాలు అక్కడే నిలబడండి.

వచ్చేవారం వానల్లో చెక్క సామానుకి చెమ్మ పట్టకుండా ఏం చెయ్యాలో చూద్దాం. ఉత్తరాలు వ్రాస్తూండండి.